దుంగ మొదలు ఎవరికి?

మా మేస్త్రి పోయారు. పోయిన వారం పొద్దున్నే ఆయన ఊరు బాసగూడ నుంచి ఆ కబురు తెచ్చింది మా కూలీల్లో ఒకతను. కుంటుకుంటూ అడవిదారిన వచ్చి, "నిన్న పొద్దుగూకంగ పోయిండు బాబూ" అంటూ కలప డిపో ముందు కూలబడ్డాడు. అతను కుంటివాడు కావడానికి కారణం నేను. ఆ కబురు అతని నోట వినడం మరీ కష్టమైంది.

బస్తర్ సంస్థానంలో, ఆవపల్లి దగ్గరి ఈ టేకు డిపోకు సూపర్వైజరుగా వచ్చిన కొత్తలో మేస్త్రిని చూస్తే నాకు ఒళ్లు మండేది. పొద్దున్నే కూలీలు వరసగా నిలబడితే, పని చెప్పడం మాని ఒక్కొక్కరినీ "ఏం తిన్నవ్?" అని అడిగేవారు. తెలుగు రానివాళ్లను వాళ్ల దోర్లీ భాషలో అడిగేవారు. ఒకరు జావ అంటారు, ఒకరు చద్ది అంటారు, ఇంకొకరు తల గోక్కుంటారు. ముసలాయన పొద్దంతా కబుర్లతో పాడు చేస్తున్నాడని విసుక్కునేవాణ్ణి.

ఆయన జ్వరంతో పడుకున్న రోజు పని నేనే పంచాను. అందరిలో ఒడ్డూపొడుగూ ఉన్న మనిషిని చూసి, బరువెక్కువుండే దుంగ మొదలు వైపు నిలబెట్టాను. పది అడుగులైనా వేయకముందే అతను తూలాడు. దుంగ పాదం మీద పడింది. ఇంట్లో గింజలు లేక అతను రెండు రోజులుగా పస్తులున్నాడట.

మేస్త్రి దుప్పటి కప్పుకుని వచ్చారు. అందరి ముందూ నన్ను ఒక్క మాట అనలేదు. వాళ్లు వెళ్లాక పక్కన కూర్చున్నారు.

"బలముందా అంటే ఎవ్వడైనా ఉందనే అంటడు బాబూ, పని పోతదని భయం. ఏం తిన్నవంటే నోరు జెప్పకున్నా మొకం జెప్తది. చద్ది తిన్నోడికి దుంగ మొదలు, జావ తాగినోడికి కొస ఇస్త. ఏం తిననోడిని ముద్ర సుత్తి ఇచ్చి కూసోబెడ్త. నీకు ముందే జెప్పకపోవుడు నా తప్పు."

తప్పు తన మీద వేసుకున్న ఆ మాట ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు. దెబ్బ తిన్నతనికి దుంగలకు ముద్ర కొట్టే పని శాశ్వతంగా ఇప్పించింది కూడా ఆయనే. నేను మాత్రం అతన్ని క్షమించమని అడగలేకపోయాను. మర్నాటి నుంచి వరస ముందు మేస్త్రి పక్కన నిలబడటం మొదలుపెట్టాను. చివరగా నన్నూ అదే అడిగేవారు.

కబురు వచ్చిన ఆ ఉదయం వరస ముందు నేనొక్కణ్ణే నిలబడి, ఆయన లాగే అడిగాను.

"ఏం తిన్నవ్?"

"ఏం తిన్లే బాబూ."

రెండో అతనూ అదే అన్నాడు. మూడో అతనూ అంతే. వరస మొత్తం అదే జవాబు; కబురు విన్నాక ఎవరూ ముద్ద ముట్టలేదు. కడపట, ముద్ర సుత్తి పట్టుకుని దుంగ మీద కూర్చున్న ఆ కుంటి మనిషి నా వైపు చూశాడు.

"నువ్వేం తిన్నవ్ బాబూ?"

నాకు ఏడుపాగలేదు. ఏమీ తినలేదని తల ఊపాను. అతను సుత్తి కింద పెట్టి, నేను కూర్చోవడానికి పక్కకు జరిగాడు. దుంగలు మోసే బద్దలు ఆ పూటంతా చెట్టుకు ఆనించినవి ఆనించినట్టే ఉన్నాయి.