మంచానికి వేసిన ఇన్సులిన్

మార్కాపురంలో నర్సుగా చేరిన కొత్తలో, పట్టపగలు, అంతమంది చూస్తుండగా, నేను ఒక మనిషిని పైకి పంపబోయాను. చెబుతాను, నవ్వుకోండి. నవ్వే హక్కు మీకుంది. నాకే లేదు.

అప్పటి నా వాలకం చూడాలి మీరు! నలగని తెల్ల కోటు, కొత్త వాచీ, నడకలో మగపెళ్లివారి దర్పం. మందిచ్చే ముందు పేరు అడగాలి, ఇచ్చాక మనిషిని కనిపెట్టుకుని ఉండాలి అని కాలేజీలో మేడమ్ గొంతు పోయేలా చెప్పేది. పరీక్షలో ఆ జవాబు కింద రంగు పెన్నుతో గీతలు కొట్టి మరీ రాశాను. రాసేశాక మళ్లీ చేయడం కూడా ఎందుకనుకున్నానేమో!

మా నర్సింగ్ హోమ్‌లో కిటికీ పక్క మంచం తిరుపతయ్యది. తర్లుపాడు రైతు. షుగరు జబ్బు. మధ్యాహ్నం అన్నానికి ముందు ఆయనకు ఇన్సులిన్ వేయాలి. ఆ రోజు నేను సిరంజీతో వెళ్లేసరికి, మంచం మీద మనిషి తల దాకా దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి ఉన్నాడు.

"తిరుపతయ్య పెద్దయ్యా, సూది!"

"ఊఁ" అంది దుప్పటి.

"చెయ్యి ఇటియ్యి."

చెయ్యి వచ్చింది. పొడిచేశాను. "వెంటనే అన్నం తిను" అని గోడకు చెప్పినట్టు చెప్పి వెళ్లిపోయాను. ముఖం చూసే తీరికేదీ? డాక్టరుగారు రౌండ్సుకు వచ్చే వేళ. ఆయన కంటికి నేను చురుగ్గా కనబడాలి కదా!

కాసేపటికి వరండాలో ఒకాయన టీ గ్లాసుతో ఎదురొచ్చాడు.

"ఏందమ్మా, నా సూది ఎప్పుడేస్తావు? ఆకలై చస్తన్నా."

చూస్తే తిరుపతయ్య!

"నువ్విక్కడుంటే... మంచం మీద ఎవరు?"

"మా బావమరిది కాశయ్య. నన్ను చూసేదానికి వచ్చినాడు. రాతి పలకల ఫ్యాక్టరీలో పని దిగి, ఏం తినకుండా అట్లనే వచ్చినాడంట. కాసేపు నడుం వాల్చమని నేనే చెప్పినా."

పరుగెత్తాను. కాశయ్య చెమటలో నాని, పిండకుండా వదిలేసిన పంచెలా ఉన్నాడు. చేతులు వణుకుతున్నాయి. "ఎవరు నువ్వు?" అని సొంత బావనే అడిగాడు. నా అరుపుకు హెడ్ సిస్టర్ వచ్చింది. వేలు పొడిచి చూస్తే షుగరు అడుగంటింది. గ్లూకోజు ఎక్కించబోతే నాకు నరం దొరకలేదు. హెడ్ సిస్టర్ నన్ను పక్కకు నెట్టి తనే ఎక్కించింది. మెల్లగా ఆయన కళ్లు తేటపడ్డాయి.

"పేరన్నా అడగలేదా నువ్వు?"

"పిలిచాను సిస్టర్. ఊఁ అన్నాడు."

"నిద్రలో ఉన్నోణ్ని కలెక్టరుగారూ అని పిలువు, ఊఁ అంటాడు! పేరు ఆయన నోటితో చెప్పించాల. కూచో ఇక్కడ. మళ్లీ మళ్లీ షుగరు చూస్తా ఉండు."

సాయంత్రం దాకా ఆ మంచం పక్కనే కూచున్నాను. ఆయన ఇడ్లీ తిని స్థిమితపడ్డాక చెప్పేశాను.

"పెద్దయ్యా, తప్పు నాది. నీది కాని మందు నీకేసినా."

తిడతాడనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను. ఆయన ముఖం చిన్నబోయింది.

"నాది కాదా తల్లీ? శానా ఏండ్లయింది ఈ దగ్గు పట్టుకుని. పలకల దుమ్ము. యాడికి పోయినా ఇంత సిరప్ పోసి పంపినారు. ఇయ్యాల ఎవరో అమ్మ అడక్కుండానే వచ్చి సూదేసింటే, నా దగ్గు ఒకరికన్నా వినపడిందే అనుకున్యా."

ఆ మరుసటి రోజు ఎక్స్‌రే తీయించాం. ఊపిరితిత్తుల నిండా దుమ్మే. డాక్టరుగారు చాలాసేపు చూసి, దుమ్ములో పని మానెయ్యమన్నారు.

"మానేస్తే తిండి?" అన్నాడు కాశయ్య. ఆ దుమ్మును బయటికి తీసే సూది మా దగ్గర లేదు. ఆయన వెళ్తూ వెళ్తూ నాకు దండం కూడా పెట్టాడు.

కనుక సకల జనులారా, సిరంజీ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. సాక్షాత్తూ దేవుడే వచ్చి మా వార్డులో ముసుగుతన్ని పడుకున్నా సరే, దుప్పటి లాగి, ఆయన నోటితోనే పేరు చెప్పిస్తాను. చెప్పకపోతే సూది లేదు. చెప్పాక దగ్గాడా, దానికి మా దగ్గర సూది లేదు గనుక, తలొంచుకుని పక్క మంచానికి పోతాను.