సబ్బు వద్దన్న వనజక్క

వనజక్క ఇక లేదన్న వార్త నాకు వేములవాడలో, గుడి దగ్గరి కార్ల అడ్డాలో తెలిసింది. ధర్మపురి వెళ్లాల్సిన ఒక కుటుంబంతో కిరాయి దగ్గర పట్టు విడవకుండా బేరమాడుతున్నాను. అప్పుడే ఫోన్ మోగింది. అవతల ఆమె భర్త మల్లేశం బావ.

"సేటు, పొద్దుగాల చాయ్ తాగి కూసున్నది కూసున్నట్టే ఒరిగింది. దవాఖానకు తీస్కపోయేదాక సుత ఆగలే. సిరిసిల్లల మా మరదలున్నది. జర నీ కార్ల తీస్కరా" అన్నాడు.

ఎదుట నిలబడ్డ పెద్దమనిషి నేనడిగిన కిరాయికే ఒప్పుకుంటున్నట్టు తలూపుతున్నాడు. గెలిచిన బేరాన్ని అక్కడే వదిలేసి బండి తీసిన రోజు నా జీవితంలో అదొక్కటే. సిరిసిల్ల దారి పట్టాక గాని ఆ మాట నాలోకి దిగలేదు. దిగాక, అద్దం తుడిచే వైపర్ నా కళ్లకూ ఉంటే బాగుండుననిపించింది.

కోరుట్లలో జగిత్యాల రోడ్డు పక్కన కార్లు కడిగే రేకుల షెడ్డు ఒకటుంది. బయట నీళ్ల పైపు మల్లేశం బావది. లోపలి సీట్లు, కార్పెట్లు, పైకప్పు గుడ్డ వనజక్క సామ్రాజ్యం. సిరిసిల్లలో నూలుకు రంగులద్దే ఇంట పుట్టిన మనిషి. రంగు గుడ్డకు ఎట్లా పడుతుందో చూస్తూ పెరిగింది కనుక, ఎట్లా వదులుతుందో ఆమెకు వేరే ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. పుట్టింటికి వెళ్లినప్పుడల్లా మగ్గాల షెడ్లలో మిగిలిన తెల్ల గుడ్డపీలికలు సంచి నిండా తెచ్చుకునేది. రంగు పీలిక ముట్టేది కాదు. "మరకను తీయబోయి మన రంగు ఆడ వెడ్తమా" అనేది. షాపుల్లో అమ్మే ఖరీదైన సీసాల మీద ఆమెకు గౌరవం సున్నా. వంటసోడా, నిమ్మకాయ, శనగపిండి, గిన్నెలు తోమే సబ్బు, ఎండ: ఇవే ఆమె ఆయుధసంపత్తి. తన పనితనం గురించి వినయం మాత్రం ఆమెలో లేశమైనా లేదు. "కోరుట్లల నాలెక్క చేసేటోళ్లు ఉంటే తీస్కరా, చూస్త" అని రోడ్డు వినేటట్టు సవాలు చేసేది.

నేను జగిత్యాలలో కిరాణా గల్లా పక్కన పెరిగినవాణ్ణి. మా నాయన ఉప్పు ప్యాకెట్ కొనబోయినా అవతలివాడి ముఖం ముందు చదవమని నేర్పాడు. అన్న దుకాణం తీసుకుంటే నేను అప్పు మీద పాత కారు కొని కిరాయిలు మొదలుపెట్టాను. అందుకే ఆమె నన్ను "సేటు" అనేది. ఆ పిలుపులో మర్యాద ఎంతో, వెక్కిరింత ఎంతో నేను ఏనాడూ తేల్చుకోలేకపోయాను.

మా పరిచయానికి మూలం ఒక పసుపు మరక. పెండ్లిళ్ల కాలం. రాయికల్ నుంచి పెండ్లిబిడ్డను వేములవాడకు తీసుకుపోయాను. మంగళస్నానాల పసుపు ఇంకా ఆరని పిల్లలు ఇద్దరు వెనక సీట్లో కూర్చున్నారు. దిగాక చూస్తే బూడిదరంగు సీటు మీద అరచేయంత పసుపు. ఇంటికొచ్చి బట్టల సబ్బు పట్టించి బలమంతా పెట్టి రుద్దాను. పసుపు పోలేదు సరికదా, ఎర్రగా మారింది. ఇంకా సబ్బు పెట్టాను, ఇంకా ఎర్రబడింది.

తెల్లవారి అడ్డాలో ఒక కుటుంబం కారెక్కబోయింది. అందులో ముసలమ్మ సీటు చూసి ఆగిపోయింది. "గీ కార్ల ఎవలకో ఏదో అయ్యింది బిడ్డా. నెత్తురు పోనేలేదు. దిగుండ్రి" అంది. పసుపని నేను చెబుతూనే ఉన్నాను. పసుపు ఎర్రగా ఎట్లుంటదయ్యా అని ఆమె కొడుకు అందరినీ పక్క కారు దగ్గరికి తీసుకుపోయాడు. సాయంత్రానికి అడ్డాలో నా బండికి "యాక్సిడెంట్ కారు" అని పేరు పడింది. యాత్రికులు దేవుడి దగ్గరికి వచ్చేవాళ్లు, అపశకునంలో కూర్చోరు. ఆ సీజన్ పోతే కారు అప్పులవాళ్లకు, నేను మా అన్న గల్లా పక్కన పొట్లాలు కట్టడానికి. కొత్త సీటు గుడ్డ వేయించే స్తోమత లేక వనజక్క షెడ్డుకు వెళ్లాను.

ఆమె తలుపు తెరిచి, మరకను చూసి, నన్ను చూసింది.

"సబ్బు వెట్టి రాకినవా?"

"రాకిన అక్కా."

"పసుపు మీద సబ్బు వెట్టినవ్ అంటే, సున్నం కలిపినట్టే. పారాణి చేసినవ్ గదా సేటు. సీటుకు పెండ్లి చేస్తున్నవా?"

కూలి అడిగితే చెప్పింది. నేను అలవాటు కొద్దీ సగానికి దించాను. ఆమె కోపగించలేదు. "సరే, సగమే ఇయ్యి. సగం పని నువ్వు చెయ్యి" అని పీలిక నా మీదికి విసిరింది. అదే మా ఒప్పందంగా నిలిచిపోయింది. ఎంత తగ్గిస్తే అంత నా రెక్కల కష్టం. ప్రతిసారీ నేను గెలిచాననుకుని చొక్కా చేతులు మడిచేవాణ్ణి, ప్రతిసారీ నడుం పట్టుకుని ఇంటికి పోయేవాణ్ణి.

ఆ రోజు నిమ్మకాయలు తెమ్మంది. కారు ముందర దిష్టికి వేలాడదీసిన నిమ్మకాయ మీద నా చూపు పడటం గమనించి, "గది కాదు. తినే నిమ్మకాయ" అంది. అన్న దుకాణంలో అమ్ముడుపోక ముడతలు పడ్డవి ఊరికే తెచ్చాను. ఆమె పిండి చూసి, "రసం మంచిగనే ఉన్నది. నీ పిసినారితనం గిట్లన్న పనికొచ్చింది" అని మెచ్చుకుంది.

ముందు తడి పీలికతో సబ్బంతా తీయించింది. తర్వాత నీళ్లు కలిపిన నిమ్మరసం పీలికతో అద్దింది. నా కళ్లెదుటే ఆ నెత్తురు రంగు కరిగి మళ్లీ పసుపైంది. నేను నోరు తెరిచాను. "గింతే. మొదలు దాన్ని మళ్ల పసుపు చెయ్యాలె. అప్పుడు పోగొడ్తం" అంది. రుద్దకుండా, అంచు నుంచి నడుమకు, ఒత్తి తీయడం నేర్పింది. నీళ్లు ఎక్కువైతే లోపలి స్పాంజి కంపు కొడుతుందని పీలికను పిండించి పిండించి ఇచ్చింది. చివరికి సీటు ఊడదీసి ఎండకు పెట్టించింది. "పసుపుకు ఎండంటే భయం" అంది. మూడు ఎండలు తగిలేసరికి మరక జాడ లేదు. మరుసటి వారం అదే అడ్డాలో, అదే కారులో, జనం కిక్కిరిసి కూర్చున్నారు. నేను ఈనాటికీ స్టీరింగ్ పట్టుకుని అన్నం తింటున్నానంటే అందుకు కారణం ముడతలు పడ్డ నిమ్మకాయలు, వనజక్క చేయి.

ఏ మరక ముందైనా ఆమె మొదట అడిగేది ఒకటే: "ఇది ఏంది, ఎప్పుడు పడ్డది, నువ్వేం చేసినవ్?" మూడో ప్రశ్నకే అందరం నీళ్లు నమిలేవాళ్లం. నూనె పడితే శనగపిండి చల్లి పీల్చనిచ్చేది. పాలు పడితే చల్లనీళ్లే, వేన్నీళ్లు తగిలితే మరక గుడ్డను పట్టుకుంటుందనేది. బురదను ఆరనిచ్చి దులిపేది. తడి బురదను తుడవబోయిన, దుబాయి నుంచి వచ్చిన ఒక అబ్బాయిని, "నువ్వు ఎడారిల ఇసుక తుడిసినవ్ బిడ్డా, ఇది మన రేగడి" అని పక్కకు జరిపింది. ఆ అబ్బాయి నవ్వి, తన దోస్తుల కార్లన్నీ అక్కడికే పంపాడు.

ఒకసారి అడిగాను: "అక్కా, అందరికీ ఇట్ల నేర్పుతే రేపు నీ దగ్గరికి ఎవలస్తరు?"

"ఎవలు రారు సేటు? చెప్పింది విని ఇంటికి పోయి మళ్ల సబ్బే వెడ్తరు. నిన్ను చూస్తలేనా" అంది.

సిరిసిల్లలో వనజక్క చెల్లెలు రాధ ఇంటి ముందు గడపలోనే నిలబడి ఉంది. ముత్తైదువగా పోయిన అక్క ముఖానికి పూయడానికి పుట్టింటి పసుపు గిన్నెలో కలిపి, ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. ఎక్కడో ఒక గతుకు దగ్గర గిన్నె ఒరిగింది. ఆమె గమనించలేదు, నేను ఆగలేదు.

కోరుట్ల షెడ్డు ముందు ఆ రోజు నీళ్ల పైపు చప్పుడు లేదు. కడగడానికి వచ్చిన కార్లు కడగకుండానే వరసగా నిలబడ్డాయి, వాటి మనుషులు పాడె మోశారు. జీవితమంతా పరాయి మనుషులు ఒలకబోసిన వాటిని ఎత్తిన ఆ చేతులకు చివరిసారిగా పసుపు రాసి పంపాం.

అన్నీ అయ్యాక, రాధ కారు దగ్గరికి వచ్చింది. వెనక సీటు మీద ఎండిపోతున్న పసుపు చూసి ముఖం చిన్నబుచ్చుకుంది. "అయ్యో అన్నా, నేనే ఒలకవోసిన. నీ కారు ఖరాబ్ అయింది" అంటూ షెడ్డులో ఉన్న సబ్బు బిళ్ల, బకెట్టు అందుకుంది. రంగులద్దే ఇంటి బిడ్డే. కానీ ఆ గడియలో ఏ చేతికైనా ముందు సబ్బే తగులుతుంది కాబోలు.

"ఆగు రాధా. సబ్బు వద్దు" అన్నాను.

అరుగు మీద తల వంచుకుని కూర్చున్న మల్లేశం బావ చటుక్కున తలెత్తి చూశాడు. ఆ మాట ఆ షెడ్డులో ఎన్ని వేలసార్లు వినబడిందో ఆయనకే తెలుసు. లేచి, లోపలికి వెళ్లి, ఆమె సంచిలోంచి తెల్ల పీలికలు గుప్పెడు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

అంచు నుంచి నడుమకు ఒత్తాను. రుద్దలేదు. సీటు ఊడదీసి ఎండకు పెట్టాను. ఆమె నేర్పిన విద్యలో ఆ రోజు నేను ఒక్క తప్పూ చేయలేదు, తప్పు పట్టేవాళ్లు లేకపోయాక ఆ నిర్దోషిత్వం ఎవరికి చూపించుకోను. జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా సీటు మరకలు తీసేవాళ్లు ఇంకా ఉండొచ్చు. మరక తీస్తూ మనిషిని కూడా నిలబెట్టే చేయి మాత్రం ఆ షెడ్డుతోనే పోయింది. ఆమెకు నా నమస్సులు.

మా ఒప్పందం ప్రకారం ఎంత పని నాదైతే అంత తగ్గింపు నాది. ఆ రోజు పనంతా నేనే చేశాను, అంటే బేరం పూర్తిగా నేనే గెలిచాను. ఇంత నష్టపు బేరం నా జన్మలో చేయలేదు అక్కా.