సంచికి చెప్పిన మాట

మదనపల్లె టమోటా మండీలో బాక్సులు లెక్కపెట్టడం నా పని. పదో తరగతితో నా చదువు ఆగిపోయింది. లెక్కలు నేర్చుకున్నదంతా ఆ బాక్సుల దగ్గరే. పై వరసను నమ్మకూడదన్నది మండీలో నేర్చుకున్న మొదటి సంగతి. పైన కాయలన్నీ ఒకే సైజులో ఎర్రగా మెరుస్తుంటాయి. సరుకు ఎట్లాంటిదో తెలియాలంటే ఒక బాక్సు బోర్లించి చూడాల్సిందే.

పోయిన ఎన్నికలప్పుడు ఒక సర్వే కంపెనీ ఎగ్జిట్ పోల్‌కు మనుషుల కోసం వెతుకుతుంటే, లెక్క తప్పని మనిషని ఎవరో నన్ను చూపించారు. నాకు జతగా ఇంకొకామెను తీసుకున్నారు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయిన మనిషి. నాకన్నా ఐదారేళ్లు పెద్ద కాబట్టి అక్కా అని పిలిచేవాణ్ని. ఈ పని బాగా చేస్తే ఇక మీదట ప్రతి సర్వేకూ పిలుస్తామని కంపెనీ మేనేజరు చెప్పాడు. ఆ పిలుపు నాకన్నా ఆమెకే ఎక్కువ కావాలి.

"ముప్పై ఏండ్లు మనుషుల్ని అడగతానే బతికినానప్పా. ఇప్పుడింట్లో గోడల్ని ఏమడిగేది?" అంది.

పని చిన్నదే. బూత్‌కు దూరంగా రోడ్డు మీద నిలబడి, ఓటేసి వచ్చేవాళ్లలో ప్రతి ఐదో మనిషికి పార్టీ గుర్తులున్న చీటీ, పెన్ను ఇవ్వాలి. వాళ్లు టిక్కు పెట్టి, మడిచి, గుడ్డ సంచిలో వేస్తారు. టిక్కు లేని చీటీ 'జవాబు లేదు' కింద పోతుంది. అట్లాంటివి ఒక ఊరి చీటీల కట్టలో ఐదో వంతు దాటితే కట్ట మొత్తం పక్కన పడేస్తారు. ఆ కట్ట తెచ్చిన మనిషిని మళ్లీ పిలవరు.

పోలింగుకు ముందు ట్రైనింగులో ఒకరినొకరు అడిగి అలవాటు చేసుకోమన్నారు. నా వంతు వచ్చినప్పుడు అక్క, ట్రైనింగులో చెప్పినట్టే నా ముఖం చూసి, ఏ పార్టీకి వేస్తావని అడిగింది. ఆమెది ఏ పార్టీ అయి ఉంటుందో నాలో నేనే ఊహించుకుని ఆ పేరు చెప్పేశాను. అది నేను వేయదలచుకున్న పార్టీ కాదు. లెక్కలో ఒక్క బాక్సు తేడా వస్తే అన్నం సయించని నేను, అంత సులువుగా అబద్ధమాడాను.

పోలింగు రోజు పొద్దున్నే నా ఓటు వేసేసి మదనపల్లెలో పని మొదలుపెట్టాను. కంపెనీ అడగని పని ఒకటి నా అంతట నేను పెట్టుకున్నాను. ముందు నోటితో అడగడం, ఆ తర్వాత చీటీ ఇవ్వడం. ఏది ఎవరిదో తెలియడానికి చీటీ వెనక పెన్సిల్‌తో సన్నగా చుక్కలు పెట్టాను. ఒకటో మనిషికి ఒక చుక్క, రెండో మనిషికి రెండు. పన్నెండు మందయ్యాక సంచి విప్పి చూసుకుంటే, ముగ్గురు నోటితో ఒకటి చెప్పి చీటీ మీద ఇంకోటి పెట్టారు.

"సూసినావా అక్కా, జనం అబద్ధాలు సెప్తాండారు" అన్నాను.

ఆమె చీటీ తిప్పి చూసింది. "ఈ సుక్కలు యాల?"

చెప్పాను. ఆమె ముఖం ఎర్రబడింది. "అబద్ధమాడింది వాళ్లా, నువ్వా? ఎవురికీ తెలీదని సెప్పి చీటీ చేతికిచ్చి, ఎనకాల ఆనవాలు పెడతావా?"

నేను పెన్సిల్ జేబులో పెట్టేశాను. కాసేపటికి ఆమే మెత్తబడింది. "ఆస్పత్రిలో మాత్రలు మింగినారా అని మొగం సూసి అడిగితే అందరూ మింగినామనే అంటారప్పా. నేను దుప్పటి మడతేస్తా అడిగేదాన్ని, ఎటో సూస్తా. అప్పుడు నిజం సెప్పేవాళ్లు. మొగం సూసి అడిగితే, నీ మొగానికి ఏది బాగుంటాదో అది సెప్తారు."

ఆ తర్వాత ఆమె అడిగే తీరు చూస్తూ నిలబడ్డాను. చీటీ, పెన్ను ఇచ్చి, వెంటనే వీపు తిప్పేసుకుంటుంది. సంచిని మాత్రం చెయ్యి వెనక్కి చాపి పట్టుకుంటుంది. "నాకు సెప్పొద్దమ్మా, సంచికి సెప్పు" అంటుంది. మనుషులు చిన్నగా నవ్వి, పెన్ను అందుకునేవాళ్లు. నేను చుక్కలు మానేసి, ఆమె లాగే వీపు తిప్పుకోవడం నేర్చుకున్నాను.

మధ్యాహ్నానికి కంపెనీ కారులో పుంగనూరు చేరాం. అక్కడ మాకెదురుగా ఒక టీ కొట్టు. అందులో నలుగురైదుగురు కూర్చుని, ఎవరు చీటీ తీసుకుంటున్నారో వంగి వంగి చూస్తున్నారు. మా దగ్గరికి వచ్చినవాళ్లు అటు చూసి, చీటీ తిరిగిచ్చి వెళ్లిపోతున్నారు. అక్క తన గొడుగు తెరిచి కొట్టు వైపు బాగా వంచి పట్టుకుంది. ఓటరు ఆ నీడలోకి వచ్చాక తను వీపు తిప్పుకునేది.

కొట్టులోంచి ఒకడు కేకేశాడు. "ఏమ్మా, గొడుగు కింద పెండ్లిసూపులా?"

"అవునప్పా. నీకూ సూస్తా, ముందు పోయి ఓటేసి రా" అంది ఆమె, గొడుగు పక్కకు తీయకుండానే. కొట్టులో వాళ్లే పగలబడి నవ్వారు. ఆ కేకేసినవాడు నిజంగానే ఓటేసి వచ్చి, లెక్క ప్రకారం తన వంతు కాకపోయినా చీటీ అడిగాడు. ప్రతి ఐదో మనిషికేనని నేను పంపించేస్తే చిన్నబుచ్చుకున్నాడు.

సాయంత్రం కాకముందే కుప్పం చేరాం. మేం నిలబడ్డ చోటికి ముసలివాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు ఎక్కువగా వచ్చారు. అక్కడ చీటీలన్నీ అక్కే ఇచ్చింది, నేను మనుషుల్ని లెక్కపెట్టాను. ఒకావిడ పెన్ను వద్దంది. సంతకం రానివాళ్ల చేత బూత్ లోపల రిజిస్టరులో వేలిముద్ర వేయిస్తారు. ఆ స్టాంపు ప్యాడ్ ఇంకు ఆవిడ బొటనవేలికి ఇంకా ఆరలేదు. చీటీని అరచేతిలో పెట్టుకుని, ఆ వేలితో ఒక గుర్తు మీద గట్టిగా ఒత్తింది.

"లోపల యాడ ఒత్తినానో ఈడా ఆడనే ఒత్తినా తల్లీ" అని సంచిలో వేసి వెళ్లింది.

ఆవిడ ఒక్కతే అనుకున్నాను. పోలింగు ముగిశాక విప్పి చూస్తే, కుప్పం కట్టలోని నలభై చీటీల్లో పదకొండింటి మీద ఊదారంగు వేలిముద్రలు. నలభైలో ఐదో వంతు ఎనిమిది. అక్క కట్ట పోయినట్టే. ఆమెకు రావాల్సిన పిలుపు కూడా.

"అక్కా, గుర్తు స్పష్టంగా ఉండాది గదా. ముద్ర మీదే టిక్కు పెట్టేస్తే సరిపోతాది" అన్నాను.

"వాళ్లు పెట్టింది ముద్ర. దాని మీద నేను గీత గీస్తే అది నా ఓటయితాది. పని పోతే పోనీలేప్పా" అంది. పోనీలే అన్నదే గాని, సంచిని నాలుగు మడతలు వేసి మళ్లీ విప్పింది. మళ్లీ మడిచింది.

మేనేజరుకు ఫోన్ చేశాను. టిక్కు లేకపోతే జవాబు లేనట్టే, రూల్ రూలే అన్నాడు. నేను ఆ పదకొండు చీటీలను కారు బానెట్ మీద వరసగా పరిచి, ఒక్కొక్కటే చూశాను. పదకొండింటిలో ఒక్క ముద్ర కూడా రెండు గుర్తుల మధ్య గీత మీద పడలేదు. ప్రతిదీ తన గడిలో, సరిగ్గా నడిమధ్య. వణికే చేతులు, మసక కళ్లు. అడిగింది ఎవరో ముక్కూముఖం తెలియని మనిషి. అయినా అంత జాగ్రత్తగా జవాబు చెప్పారు. వీటిని జవాబు లేదని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. అంకెలు నింపడానికి కంపెనీ ఇచ్చిన ఫారంలో స్కేలు పెట్టి ఇంకొక గడి గీశాను. పైన 'వేలిముద్ర' అని రాసి, గుర్తుల వారీగా అంకెలు వేసి, కింద సంతకం చేశాను. చీటీలన్నీ ఫోటో తీసి మేనేజరుకు పంపాను.

"హెడ్డాఫీసు ఒప్పుకోకపోతే ఇద్దరికీ పనుండదు" అన్నాడు మేనేజరు ఫోన్ చేసి.

"నీ పనీ పోతాది గదప్పా" అంది అక్క.

"నాకు మండీ ఉండాది గదక్కా."

ఫలితాలకు మా అంకెలు ఎంత దగ్గరగా వచ్చాయో ఇక్కడ రాయను. నలభై చీటీలతో ఒక ఊరి మనసు తేల్చేవాడికి లెక్క రాదనే అర్థం. కంపెనీ నుంచి చాలా నెలలు ఏ కబురూ లేదు. మండీకి వచ్చేవాళ్ల ద్వారా అక్క అప్పుడప్పుడు అడిగించేది, ఏమైనా తెలిసిందా అని. ఏమీ తెలియలేదని చెప్పి పంపేవాణ్ని.

కొత్త సర్వే వచ్చినప్పుడు మేనేజరే ఫోన్ చేశాడు. చీటీ కింద ఇప్పుడు 'టిక్కు గాని, వేలిముద్ర గాని' అని అచ్చు వేశారట. "ఆ నర్సమ్మను తప్పకుండా పిల్చుకోని రండి. కొత్తవాళ్లకు ఎట్లా అడగాలో ఆమే నేర్పాలి" అన్నాడు.

ట్రైనింగు రోజు అక్క అదే గుడ్డ సంచి ఉతికి తెచ్చింది. కొత్తవాళ్లకు చూపించడానికి ముందు నన్ను పిలిచింది. పోయిన ఎన్నికల్లో ఎవరికి వేశావని అడిగి, చీటీ ఇచ్చి, వీపు తిప్పుకుని సంచి చాపింది. ఆ పోలింగు రోజు పొద్దున్నే లైన్లో నిలబడి నేను నిజంగా వేసిన గుర్తుకే టిక్కు పెట్టాను.

"అక్కా, పోయినసారి ట్రైనింగులో నేను నీకు అబద్ధం సెప్పినా" అన్నాను.

ఆమె తిరగలేదు. సంచిని ఇంకాస్త నా వైపు జరిపింది.

"నాకు యాల సెప్తావప్పా? సంచికి సెప్పు."