బంతి కోసమే వెళ్లాను

నాకు పెళ్లయిన యేడు ఆషాఢమాసంలో మా జట్టుకి విజయనగరంలో ఫుట్‌బాల్ మ్యాచి పడింది. యుద్ధం ముగిసిన మరుసటి యేడు అది. ఆ మ్యాచి ఏర్పాటు చేసింది నేను కాదు. తేదీ వేసింది నేను కాదు. ఊరు నిర్ణయించింది అంతకంటే కాదు. అయినా శ్రీకాకుళంలో మా వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కరంటే ఒక్కరు ఆ మాట నమ్మలేదు.

ఎందుకంటే మా అత్తవారిది విజయనగరం. వైశాఖంలో పెళ్లి, జ్యేష్ఠంలో కాపురం, ఆషాఢం పెట్టగానే మామగారు వచ్చి పిల్లని తీసుకుపోయారు. ఆ నెల కొత్తల్లుడూ అత్తగారూ ఒకే గడప దాటకూడదని మా ఇళ్లలో గట్టి పట్టింపు. మా అమ్మకి మరీ గట్టి. నేను పెరట్లో నిక్కరు ఉతుక్కుంటూంటే వచ్చి నిలబడింది.

"నెల్లాళ్లు ఆగలేకపోతన్నావేటి నాయనా?"

"ఆటకే అమ్మా."

"ఆటకేలే. నాకు తెలీదేటి ఏ ఆటో."

నాకు ముక్కు మీద ఉంటుంది కోపం. చేసిన తప్పుకి తిడితే ఎంతసేపైనా పడతాను గానీ చెయ్యని తప్పు అంటగడితే ఒళ్లు మండిపోతుంది. పైగా ఆ మ్యాచి మీద నాకు నిజంగానే కసి ఉంది. నేను గోలు ముందు అడ్డుగా ఉండే బ్యాకు ఆడేవాడిని. కిందటేడు ఇదే జట్టుతో, ఇదే మైదానంలో, వాళ్లు కొట్టిన బంతి నా మోకాలికి తగిలి మా గోల్లోకే పోయింది. దానితో ఓడిపోయాం. ఏడాదిగా బజారుకి వెళ్తే చాలు, ఎవడో ఒకడు నా మోకాలు బాగుందా అని అడిగేవాడు. ఆ మచ్చ చెరిపెయ్యాలని తప్ప నా మనసులో మరో ఆలోచన లేదు. ఆ మాట అందరిచేతా నమ్మించాలన్న పంతం నిక్కరు పిండుతూండగానే పట్టుకుంది.

మ్యాచికి ముందురోజు పొద్దున్నే విజయనగరం నుంచి టెలిగ్రాం వచ్చింది. ఊరంతా వరద, మ్యాచి వాయిదా, బయల్దేరవద్దు అని. మా కెప్టెన్ తాలూకా ఆఫీసు గుమాస్తా. చదివినదేదీ మొదటిసారికి నమ్మడు. ఆ కాగితాన్ని తిప్పి చూశాడు, ఎండ లేకపోయినా వెలుతురుకి పట్టి చూశాడు.

"ఇది పంపిందెవలు?"

"వాళ్ల సెక్రటరీ. కింద ఉంది కదా" అన్నాన్నేను.

"సెక్రటరీ అని రాసుంది. సెక్రటరీయే పంపేడని ఎవలు సూసేరు? ఒకేల సెక్రటరీయే పంపేడనుకో, వరద ఉన్నాదని ఎవలు సూసేరు?"

అతని అనుమానానికి కారణం లేకపోలేదు. వేళకి మైదానంలో లేని జట్టు ఓడినట్టే అని ఆ పోటీ నిబంధన. మేం ఇంట్లో కూర్చుంటే వాళ్లు నలుగురు సాక్షులని పిలిచి, శ్రీకాకుళం వాళ్లు రాలేదు అని రాయించుకుంటే చేసేదేముంది? మాకూ మూడు రోజులుగా వాన పడుతూనే ఉంది. నాగావళి ఎర్రగా నిండుగా ఉన్నా గట్టు దాటలేదు. మనకి లేని వరద వాళ్లకెక్కడి నుంచి వస్తుందని అందరం ఒకటే అరిచాం. నేను మరికాస్త గట్టిగా అరిచాను. కెప్టెన్ నా వైపు తిరిగాడు.

"నీకంత తొందరేటిరా?"

జట్టు జట్టంతా నవ్వింది.

టెలిగ్రాం సంగతి మా అమ్మకి సాయంత్రానికి తెలిసింది. రావద్దని కబురొచ్చినా వెళ్తున్నాడంటే ఇంక అనుమానించడానికి కూడా ఏమీ మిగల్లేదు ఆవిడకి. తమ్ముణ్ని పిలిపించింది. మా మేనమామది బట్టలకొట్టు. ఫుట్‌బాల్ చేత్తో ఆడతారో కాలితో ఆడతారో ఆయనకి తెలీదు. నన్ను కళ్లలో వత్తులు వేసుకుని చూడడం, అత్తారి గడప తొక్కనివ్వకుండా వెనక్కి తేవడం, ఇదీ ఆయనకి అప్పజెప్పిన పని.

మర్నాడు తెల్లారగట్ల జట్కాల్లో ఆమదాలవలస స్టేషనుకి వెళ్లి రైలెక్కాం. మావ నాకు ఎదురుగా కూర్చున్నాడు. బండి కదలగానే నా సంచీ ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటీ తీశాడు. నిక్కరు, చొక్కా, కాళ్లకి చుట్టుకునే గుడ్డపట్టీలు. అడుగున మడతపెట్టిన జరీ అంచు పంచె.

"ఇదేటిరా?"

"ఆట అయ్యాక కట్టుకోడానికి."

"పెళ్లిలో పెట్టిన పంచా?"

"మిగతావి ఆరలేదు మావా. మూడు రోజులబట్టి వాన కదా."

"ఆరలేదు" అన్నాడు మావ కెప్టెన్‌తో, ఆ ఒక్క మాటా చాలన్నట్టు. కెప్టెన్ తల పంకించాడు. పంచెలు నిజంగానే ఆరలేదు. నిజం చెప్పి దొంగలా కూర్చోవడం ఎలా ఉంటుందో ఆ రైల్లో నాకు బాగా తెలిసింది. నేనూ ఊరుకోలేదు. ఇంత వానలో కొట్టు మూసుకుని వచ్చాడంటే మావకి విజయనగరంలో ఏదో సొంత వ్యవహారం ఉందనీ, నన్ను అడ్డం పెట్టుకుని వస్తున్నాడనీ అనుమానించడం మొదలుపెట్టాను. అది తప్పని తరువాత తేలింది. అప్పుడు మాత్రం అదే కాస్త ఊరటగా ఉంది.

చీపురుపల్లి దాటాక రెండు వైపులా పొలాలు కనబడలేదు. అంతా నీళ్లే. గట్ల మీద తాటిచెట్లు నీళ్లలో నడుస్తున్నట్టున్నాయి. చంపావతి వంతెన మీద బండి ఎంత నెమ్మదిగా నడిచిందంటే, పెట్టెలో మాట్లాడుతున్నవాళ్లంతా వంతెన అయ్యేదాకా నోరు మూసుకున్నారు. నెల్లిమర్లలో ఆగిపోయింది. ముందు పట్టాల మీద నీళ్లున్నాయి, ఇంక బండి పోదన్నాడు గార్డు.

"ఈ గార్డుది ఏ ఊరో కనుక్కోండి" అన్నాడు కెప్టెన్.

గార్డుది విజయనగరమే. ఇంకేం కావాలి? అయిదు మైళ్లూ నడిచి పోదామని దిగిపోయాం. గ్యాంగు కూలీలు గడ్డపారలతో పట్టాలు పొడుచుకుంటూ ముందు నడుస్తూంటే వాళ్ల వెనక మేం. మోకాలి లోతు వచ్చినప్పుడు కెప్టెన్ ఇది వరద కాదు, వాన నీళ్లన్నాడు. ఊరు చేరాం. పెద్దచెరువు గట్టు తెగిందట. బజారు వీధిలో నీళ్లు నడుం దాటాయి. జనం అరుగుల మీద నుంచి మిద్దెల మీదికి చేరారు. ఎవరిదో తలుపు రెక్క మీద ఒక ముసలమ్మ కోడిపెట్టని పట్టుకు కూర్చుంటే ఇద్దరు మనుషులు తోసుకుపోతున్నారు. నీళ్లు ఛాతీకి తగిలాక కెప్టెన్ ఆగి అటూ ఇటూ చూశాడు.

"టెలిగ్రాం కొంచెం నిజమే అయ్యుంటాది" అన్నాడు.

మావ ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో నా కండువా కొస పట్టుకున్నాడు. నేను ఏ సందులోకి తప్పుకుంటానో అని. సందు కనబడినప్పుడల్లా అడిగాడు.

"మీ అత్తోరి వీధి ఇదేనేటి?"

"కాదు."

"కాదని నీకెలాగ తెలుసు?"

తెలుసు. పెళ్లికి ఆ వీధిలో ఊరేగాను. అది చెరువు దిగువన, ఊళ్లో అందరికంటే పల్లంలో ఉంటుంది. ఇక్కడే ఛాతీ లోతుంటే అక్కడ ఎంత ఉంటుందోనన్న ఆలోచన నాకు రాకపోలేదు. మిద్దెల మీద ఇంతమంది ఉన్నారు, ఫలానావారు ఎలా ఉన్నారని ఎవర్నైనా ఒక్క కేకేసి అడగొచ్చు. అడిగితే మావ "అదీ సంగతి" అంటాడు. కెప్టెన్ నవ్వుతాడు. అడగలేదు. ఇన్నేళ్లయినా అది తలుచుకుంటే నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

మైదానం సముద్రంలా ఉంది. గోలు కర్రలు రెండు వైపులా నిలబడి ఉండడంవల్ల మైదానమని తెలిసింది. పక్కనున్న మిద్దె సత్రం ఎత్తైన అరుగు మీద వాళ్ల జట్టువాళ్లు కొందరు జనానికి గంజి పోస్తున్నారు. మమ్మల్ని చూసి వాళ్ల కెప్టెన్ చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయాడు.

"మా టెలిగ్రాం అందలేదా?"

"అందింది" అన్నాడు మా కెప్టెన్. మమ్మల్ని నీళ్లలోకి నడిపించి ఎవరి చోట వాళ్లని నిలబెట్టాడు. మ్యాచి వేళకి, నాలుగు గంటలకి, శ్రీకాకుళం జట్టు మైదానంలో ఉందని రేపు ఎవరూ కాదనకూడదు. అది చూసి వాళ్ల కెప్టెన్‌కి అనుమానం పట్టుకుంది. మేం ఉండి వాళ్లు లేకపోతే కప్పు ఎవరికి పోతుంది? గరిటె పారేసి కేకలు పెట్టాడు. తొమ్మిదిమంది దొరికారు, మిగతా ఇద్దర్నీ గంజి తాగుతున్నవాళ్లలోంచి లాక్కొచ్చాడు. రిఫరీ లేడు. మా కెప్టెన్ బంతిని మధ్యలో పెడితే అది తేలుకుంటూ బజారు వైపు వెళ్లిపోయింది. తేవడానికి ఎవరూ కదల్లేదు. ముందు కదిలిన జట్టు ఆట వదిలేసినట్టని రెండు జట్లకీ అనుమానం. ఇరవై రెండుమందిమి నడుం లోతు నీళ్లలో, వానలో, ఒకళ్లనొకళ్లు చూసుకుంటూ నిలబడ్డాం.

నేను కిందటేడు బంతి మోకాలికి తగిలిన చోటే నిలబడ్డాను. అక్కణ్నించి సత్రం మేడ కిటికీలు ఎదురుగా కనబడతాయి. వరదకి చేరిన ఆడవాళ్లూ పిల్లలూ కిక్కిరిసి ఉన్నారు. వాళ్లలో ఒక మొహం నన్నే చూస్తోంది. మా ఆవిడ.

బతికుంది. నాకు ఏడుపొచ్చింది. వాన పడుతోంది కాబట్టి ఎవరికీ తెలీలేదు. ఆమె చెయ్యి ఎత్తి ఊపింది. నా చెయ్యి కూడా లేవబోయింది. అరుగు మీద మావ గొడుగు కింద నుంచి నన్నే చూస్తున్నాడు. చెయ్యి కిందికి దించుకున్నాను. ఆమె ఇంకోసారి ఊపింది. నేను ఎదుటి జట్టు వైపు చూస్తూ నిలబడ్డాను. మరో అరగంట అలాగే నిలబడ్డాను.

చివరికి రెండు జట్ల కెప్టెన్లూ మధ్యకి వచ్చి, చేతులు పట్టుకుని, ఒకేసారి అడుగువేస్తూ బయటికి నడిచారు. మేమంతా సత్రం మెట్లెక్కాం. గుమ్మం దగ్గర మావ నాకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"సత్రం గడపైనా గడపే. లోపల మీ అత్తగారున్నాది."

లోపల్నించి మా అత్తగారి గొంతు వినబడింది. "ఇంత వరదలో ఆషాఢమేటండీ, రానీండి. పిల్ల కోసం అన్ని నీళ్లలోనూ పడి వొచ్చేడు." లోపలున్న ముసలమ్మలందరూ నన్ను ముద్దుగా చూశారు. వాళ్లని తప్పించుకుంటూ మా ఆవిడ గుమ్మం దాకా వచ్చింది. చీరకి మోకాళ్ల పైదాకా బురద. రెండు రోజులుగా అదే చీర అని చూస్తేనే తెలుస్తోంది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"మా ఇల్లు పడిపోయిందని మీకెవలు సెప్పేరు?" అంది నెమ్మదిగా.

ఇల్లు పడిపోయిందని అప్పుడే నాకు తెలిసింది. ఆ క్షణంలో మావ గొంతు సవరించుకున్నాడు. కెప్టెన్ వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. పొద్దుటి నుంచీ, కాదు, వారం రోజుల నుంచీ మింగినదంతా పైకి వచ్చేసింది.

"ఎవరూ చెప్పలేదు. మ్యాచి ఉందని వచ్చాను. బంతి కోసమే వచ్చాను" అన్నాను, సత్రం అంతటికీ వినబడేటట్టు.

జట్టంతా గొల్లున నవ్వింది. "సిగ్గుపడతన్నాడు" అంది అత్తగారు. మావ కూడా నవ్వాపుకోలేక అడ్డం పెట్టిన చెయ్యి తీసేశాడు. ఆమె మాత్రం నవ్వలేదు. నా మొహంలోకి చూసింది.

"అలాగా" అంది. "అయిపోయిందేటి మరి ఆట?"

"అయిపోయింది."

లోపలికి వెళ్లి వేడి గంజి గ్లాసుతో తెచ్చింది. చేతికివ్వకుండా గడప మీద పెట్టి వెళ్లిపోయింది. వారం రోజులు నెత్తీ నోరూ బాదుకున్నా ఎవరూ నమ్మని మాటని ఆమె ఒక్కసారి చెప్పగానే నమ్మేసింది.

తరువాత మా రెండు వైపుల బంధువులూ ప్రతి పెళ్లిలోనూ ఈ కథ చెప్పుకునేవారు. కొత్తల్లుడు పెళ్లాం కోసం వరదలో ఈదుకొచ్చాడని, అడిగితే బంతి కోసమన్నాడని. పిల్లలు పడీ పడీ నవ్వేవారు. ఆమె కాదనేది కాదు, అవుననేది కాదు. నేను ఎక్కడికి బయల్దేరినా ఎందుకు, ఎప్పుడొస్తారు అని మాత్రం అడిగేది కాదు.

పిల్లల పెళ్లిళ్లు కూడా అయిపోయాక ఒకరోజు ఉండబట్టలేక అనేశాను. "ఆ రోజు నువ్వు కిటికీలో కనబడ్డాక నాకు బంతీ లేదు, మ్యాచీ లేదు. మావ చూస్తున్నాడని అలా అన్నాను."

ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

"రెండుసార్లు సెయ్యి ఊపేను" అంది. "మీరు సూసేరా, సూళ్లేదా?"

"చూశాను."

"నీళ్లు కళ్లల్లో పడి సూళ్లేదేమో అనుకున్నాను ఇన్నాళ్లూ" అని, చేట తీసుకుని వంటింట్లోకి వెళ్లింది.