సిల్వేనస్ నెమ్మదితనం

సిల్వేనస్ నెమ్మదస్తుడైపోయాడని రీజెంట్ కొండమీద అందరూ ఒప్పేసుకున్నారు. ఒప్పుకోనిది అతని పెళ్ళాం ఎబున్ ఒక్కతే.

పొద్దున్నే ఆకుకూరల బుట్టలతో ఆడవాళ్ళందరూ అతని టాక్సీలోనే కొండ దిగి ఫ్రీటౌన్ బజారుకు పోతారు. ఇదివరకు అతను తోలితే కొందరు ఏసును తలుచుకునేవాళ్ళు, కొందరు అల్లాను తలుచుకునేవాళ్ళు, దిగాక అందరూ కలిసి సిల్వేనస్‌ను తిట్టేవాళ్ళు. వానలు వెనకబట్టిన దగ్గర్నుంచీ మాత్రం కారు పెళ్ళికూతురిలా దిగుతోంది.

"మీ ఆయన మారిపోయాడే ఎబున్!" అంది పక్కనున్న కాడీ అవ్వ. "ఇదివరకు తిన్నదంతా నోట్లోకొచ్చేది. ఇప్పుడు హాయిగా కునుకు తీస్తున్నా."

"మారాడులే అవ్వా," అంది ఎబున్, కుడికాలితో కారు అడుగును గట్టిగా అదుముతూ.

వెనక సీట్లో కూర్చున్నా ఆమె కాలు మొగుడి కాలితోపాటే బ్రేకు తొక్కుతుంది. ఏళ్ళ తరబడి అలవాటు. పెద్ద మలుపులో శవపేటికలు చేసే మోసెస్ కొట్టు రాగానే ఇద్దరూ తొక్కేవాళ్ళు. కొన్నాళ్ళకు సిల్వేనస్ అంతకు పైనున్న కుళాయి దగ్గరే తొక్కడం మొదలెట్టాడు. తర్వాత రొట్టెల బట్టీ దగ్గర. ఇప్పుడు చర్చి గేటు దగ్గర తొక్కుతున్నాడు. అక్కడింకా వాలే మొదలుకాదు. మధ్యలో చక్రాలు కీచుమన్నాయి, అతను రేడియో పెంచాడు. తర్వాత కీచు పోయి, అన్నం మాడు గీకుతున్నట్టు చప్పుడు మొదలైంది.

ఇవేవీ తెలియని పాస్టరు గారు, వచ్చే ఆదివారం చర్చిలో లేచి నిలబడి ఈ ఓర్పు ఎలా వచ్చిందో నాలుగు మాటలు చెప్పమని సిల్వేనస్‌ను అడిగారు.

ఆ సాయంత్రం సిల్వేనస్ అన్నం తింటుంటే ఎబున్ ఎదురుగా కూర్చుంది.

"ఏమయ్యా, బ్రేకు ఎక్కడ తొక్కావివాళ?"

"తొక్కాల్సిన చోటే."

"బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయి."

"అరిగితే కీచుమంటాయి. ఆ చప్పుడు ఆగిందిగా?"

"కీచుమనే ముక్క కూడా అరిగి ఆగింది. ఇప్పుడు గీక్కునేది ఇనుమూ ఇనుమూ."

అతను ముద్ద మింగాడు. "తెలుసు," అన్నాడు.

"తెలిసేనా ఆ ముసలిదాన్నీ, నన్నూ ఎక్కించుకుని తిప్పుతున్నావు?"

"అవి బాగున్నన్నాళ్ళూ నాకు భయం లేదే. భయం లేకపోతే నా కాలు నా మాట వినదు. ఇప్పుడు చూడు, ఒక్క కోడిపిల్లనైనా తొక్కానా? కొత్తవి వేస్తే మళ్ళీ పాత సిల్వేనస్సే."

ఎబున్‌కు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. కోపమే ముందొచ్చింది.

"చర్చి గేటు దాకా వచ్చావు. ఇంకా వెనక్కి జరిగితే మన ఇల్లే. రేపు మంచం మీదనుంచే బ్రేకు తొక్కుకుంటూ బయల్దేరతావా? ఏదో ఒక రోజు తొక్కుతావు, ఆగదు. కాడీ అవ్వ నిద్రలోనే పోతుంది. నేను మాత్రం మెలకువగానే ఉంటాను."

సిల్వేనస్ ముద్ద కలిపాడు గానీ నోట్లో పెట్టుకోలేదు.

మర్నాడు కారులో ఎవరినీ ఎక్కనివ్వలేదు ఎబున్. ఆకులు వాడిపోతాయని ఆడవాళ్ళు గోల పెట్టినా వినలేదు. మొగుడూ పెళ్ళాలిద్దరే మొదటి గేరులో పాక్కుంటూ కొండ కింద మెకానిక్ మొమో దగ్గరికి దిగారు. మొమో చక్రం ఊడదీసి, ప్యాడ్లు చూసి, వాళ్ళిద్దరినీ చూసి, "మీరు ఏ చర్చికి పోతారు?" అని అడిగాడు.

కొత్త ప్యాడ్లతో మొదటిరోజు కారు చర్చి దాటింది, బట్టీ దాటింది. సిల్వేనస్ కాలు కదల్లేదు. "ఏసయ్యా!" అంటూ కాడీ అవ్వ నిద్రలేచింది. కింద మలుపులో మోసెస్ ఉలి పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చాడు.

ఆ రోజు ఎబున్ ముందు సీట్లో కూర్చుంది. వంగి కాలి చెప్పు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కుళాయి దగ్గరే కారు నెమ్మదించింది. మోసెస్ లోపలికి పోయాడు.

ఆదివారం సిల్వేనస్ చర్చిలో లేచి నిలబడ్డాడు. "అంతా దేవుడి దయ," అన్నాడు. ఎబున్ వైపు ఓసారి చూసి, "ఆవిడ కూడా ఉంది," అని కూర్చున్నాడు. అందరూ ఆమెన్ అన్నారు.

సోమవారం కుళాయి దగ్గర అతను బ్రేకు తొక్కాడు. కారు ఆజ్ఞ విన్నట్టు నెమ్మదించింది. మలుపు తిరిగాక ఎబున్ తన కాళ్ళకేసి చూసుకుంది. కుడికాలు కదలకుండా పడి ఉంది. ఇన్నేళ్ళలో ఆమె తొక్కకుండా ఈ కొండ దిగడం అదే మొదలు. కళ్ళు తుడుచుకుంది. చెప్పు మాత్రం ఒళ్ళోంచి తీయలేదు.