అన్నను వెతుక్కుంటూ అమ్రాబాద్ అడవికి

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు, నాకు ఎనిమిదేళ్లప్పుడు, బాపు మమ్మల్ని నల్లగొండ దగ్గరి మా ఊరి నుంచి ఎడ్లబండిలో అమ్రాబాద్ అడవికి తీసుకెళ్లాడు. కమ్యూనిస్టుల సంఘంలో చేరి, మిలటరీకి దొరకకుండా ఊరు విడిచిన మా అన్న అక్కడున్నాడని ఎవరో చెప్పారు. దారిలో ఎవరైనా అడిగితే చుట్టాలింటికని చెప్పాలి.

అడవి మొదలయ్యాక నేనూ చెల్లీ అన్న సంగతే మరిచిపోయాం. జింకల మంద బండికి అడ్డంగా దాటింది. ఒక దుప్పి పొదల మీదుగా కొమ్ములెత్తి మమ్మల్ని చూసింది.

"అమ్మా, గటు చూడు, నెమలి" అని చెయ్యి పట్టి లాగితే అమ్మ తిరిగేది గానీ, ఆమె కళ్లు నెమలిని దాటి చెట్ల మధ్య వెతికేవి. ఆకు కదిలితే చాలు, బండి ఆపమనేది.

అడవిలో రెండో రోజు మధ్యాహ్నం, చెంచుల గుడిసెల దగ్గర బాపు ఒక ముసలాయనను అడిగాడు. "బక్కగుంటడు. ఎడమ చెవి కింద మచ్చ ఉంటది."

ఆయన చెట్ల నడుమ బాట వైపు చెయ్యి చూపాడు. "ఐదుగురు ఉండిరి. మిలటరోళ్లు లారీల ఎక్కిచ్చుకొని పోయిండ్రు. గా పిలగాడు నడవలేకపోయిండు. మోసుకపోయిండ్రు."

"పానం ఉండెనా?" అని అమ్మ అడిగింది.

"దూరంకెల్లి చూసిన తల్లీ. తెల్వది."

బాపు బండి తిప్పుతుంటే అమ్మ దిగి, లారీ పోయిన బాటన నడవసాగింది. బాపు వెళ్లి భుజం పట్టుకోగానే అక్కడే మట్టిలో కూలబడింది.

తర్వాత జైళ్లన్నీ తిరిగాం. ఎక్కడా అన్న పేరు లేదు. అమ్మ బతికినన్నాళ్లూ, అతను ఉన్నాడని గానీ లేడని గానీ మాకెవరూ చెప్పలేదు.