పులి నిద్రపోయిన ఇరవై మూడు రోజులు

నీటి సరఫరా సంస్థ ఆఫీసులో, మూడో అంతస్తు చివరి గదిలో కూర్చునే ఆవిడను అందరూ వార్డెనమ్మ అనేవాళ్ళు. ఆ గదిలో ఏసీ హోరుకి పక్కమనిషి మాట వినపడదు. అందుకని ఆవిడకు గట్టిగా మాట్లాడడం, మండే ఎండల్లో కూడా స్వెట్టర్ వేసుకోవడం అలవాటైపోయాయి.

ఈ కోడలి ఉద్యోగమేమిటో పదకొండేళ్ళైనా ఆవిడ అత్తగారికి అంతుపట్టలేదు.

"అసలు నువ్వు చేసే పనేంటమ్మా?"

"పన్నెండు పెద్ద కంప్యూటర్లున్నాయి అత్తయ్యా. ఒక ఇంటిని వాటాలు చేసి మనుషుల్ని దించినట్టు, ఒక్కోదాంట్లో ముప్పై ఉత్తుత్తి కంప్యూటర్లు పెట్టాం. ఏ వాటాలో ఎంత వాడుతున్నారో చూస్తుంటాను."

"ఉత్తుత్తివాటికి కాపలాయా! నేనూ ఉత్తినే కూర్చున్నాను, నాకూ ఒకటి చూడు."

ఆ ఏడు ఆవిడ తెర మీద ఎర్రగీతలు మొదలయ్యాయి. మెమరీ నిండిపోయింది. కుళాయి రావడంలేదని జనం ఫిర్యాదు రాసే పేజీ తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పడుతోంది. ఫిర్యాదుల సంఖ్య సగానికి పడిపోయింది. నీళ్ళ సరఫరా బ్రహ్మాండంగా మెరుగుపడిందని మేనేజరు పైకి నివేదిక పంపాడు.

వార్డెనమ్మ వాటాలన్నీ ఒక్కొక్కటిగా తరచి చూసింది. అరవై రెండింటిలో ఏడాదిగా మనిషి అడుగు పెట్టిన జాడ లేదు. ఎవరివో చెప్పమని అన్ని విభాగాలకూ మెయిల్ పెడితే ఉలుకూ పలుకూ లేదు. ఫోను చేస్తే మాత్రం అందరికీ ప్రాణం లేచి వచ్చింది.

"అది మాదే మేడమ్, ముట్టుకోకండి."

"ఏం చేస్తుందండీ అది?"

"అది తెలీదు. కానీ చాలా ముఖ్యమైంది."

అన్నిటిలోకీ పెద్దది మేనేజరుగారిదే. పేరు పులి. అరవై నాలుగు జీబీ మెమరీ కేటాయిస్తే అది రెండు కూడా వాడడంలేదు. వార్డెనమ్మ స్వయంగా వెళ్ళి అడిగింది. ఆయన ఫోనులోంచి తల ఎత్తకుండానే, "మెయిల్ పెట్టమ్మా, చూస్తాను" అన్నాడు. మూడు పెట్టింది. మూడోదానిలో, పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే ఆపేస్తానని స్పష్టంగా రాసింది. పదహారో రోజు ఉదయం పులిని ఆపేసింది.

ఆ రోజంతా ఫోను వైపే చూస్తూ కూర్చుంది. మోగలేదు. మర్నాడూ మోగలేదు. వారం తిరిగేసరికి ధైర్యం వచ్చి, మెయిల్‌కి జవాబు రాని మరో నలభై కూడా ఆపింది. ఎర్రగీతలు పోయాయి. ఫిర్యాదుల పేజీ చిటికెలో తెరుచుకుంది. ఫిర్యాదులు వరదలా వచ్చి పడ్డాయి.

ఇన్ని ఫిర్యాదులు ఎక్కణ్ణించి ఊడిపడ్డాయని డైరెక్టరు మీటింగు పెట్టాడు. మేనేజరు తడుముకోకుండా లేచాడు.

"మనకి మెషీన్లు చాలడంలేదు సార్. మా పులి ఒక్కటే రాత్రీపగలూ ఈ విభాగం మొత్తాన్ని మోస్తోంది. ఇప్పుడు కూడా నా టీమ్ దాని మీదే ఉంది."

డైరెక్టరు వెనక వరుసలో ఉన్న స్వెట్టర్ వైపు తిరిగాడు. "ఏమ్మా, పులి మీద భారం అంత ఎక్కువగా ఉందా?"

వార్డెనమ్మ అబద్ధం చెబుదామనే అనుకుంది. నోటికి వచ్చింది మాత్రం నిజం, అదీ ఏసీ గదిలో మాట్లాడే గొంతుతో: "అది ఆగిపోయి ఇరవై మూడు రోజులైంది సార్!"

కిటికీ దగ్గరెవరో కిసుక్కుమన్నారు. ఆవిడ తెచ్చిన మెయిళ్ళ ప్రింట్లు చేతులు మారి డైరెక్టరు దాకా వెళ్ళాయి. ఆయన చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని, చాలా గంభీరంగా ఒక కమిటీ వేశాడు. వృథా మెషీన్ల నిర్మూలన కమిటీ. అధ్యక్షుడు మేనేజరే. అనుభవం ఉన్నవాడు కదా!

కమిటీ చేసిన మొదటి పని, తన కార్యకలాపాల కోసం రెండు కొత్త మెషీన్లు కావాలని అడగడం.

వార్డెనమ్మ దరఖాస్తు ఫారం తయారుచేసి ఇచ్చింది. అందులో ఏడో నిబంధన: మూడు నెలలకోసారి సొంతదారు "ఇంకా కావాలి" అని రాసివ్వకపోతే మెషీను దానంతటదే ఆగిపోతుంది. మేనేజరు చివరి పేజీకి వెళ్ళి దర్జాగా సంతకం పెట్టాడు.

మూడు నెలల తరవాత ఒక సోమవారం కమిటీ మెషీన్లు రెండూ ఆగిపోయాయి. ఎవరూ అడగలేదు. ఆవిడ ఆ మెమరీని ఫిర్యాదుల పేజీకి మళ్ళించి, స్వెట్టర్ గుండీలు పెట్టుకుని, క్యారియర్ విప్పుకుంది.